పేరొకటే, కేసులు పదకొండు: అందులో ఆయనవి ఏవి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగాల వల్ల బెంగళూరులో ఉంటున్నాం. ఊరికి దగ్గర్లో 300 గజాల ఇంటి స్థలం మాట్లాడుకుని లక్ష రూపాయలు బయానా ఇచ్చాం. మూడు వారాల్లో అగ్రిమెంట్ రాసుకోవాలి. ఈలోగా చుట్టాలొకరు "ఆ స్థలం మీద కోర్టు కేసుందట" అన్నారు. కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో అమ్మే ఆయన పేరు వెంకటేశ్వరరావు అని ఇంటిపేరుతో సహా కొట్టి, ఏడాదికోసారి చొప్పున పదేళ్లు వెతికితే పదకొండు కేసులు వచ్చాయి. ఆయన్ని అడిగితే "ఒక్కటీ నాది కాదమ్మా, మా ఊళ్లోనే ఆ పేరుతో ముగ్గురున్నాం" అంటున్నారు. ఇంకో సంగతి. ఈ స్థలం ఆయన 2008లో జీపీఏ (తన తరఫున వ్యవహారాలు చూడమని యజమాని రాసిచ్చే అధికార పత్రం) మీద తీసుకున్నారట. జీపీఏ అమ్మకాలపై సూరజ్ ల్యాంప్ అనే కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాల అభిప్రాయం అడిగిందనీ, ఇంకా తేల్చలేదనీ మధ్యవర్తి ఒక తీర్పు కాపీ పంపారు. మా తమ్ముడు మాత్రం అదే పేరుతో ఇంకో కాపీ పంపి, అలాంటి అమ్మకాలు చెల్లవని కోర్టు చెప్పేసిందంటున్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. కేసుల జాబితా, రెండు కాపీలు జతచేస్తున్నాను.
(ఒక పాఠకురాలు, బెంగళూరు. అమ్మే ఆయన ఇంటిపేరు తీసేసి ప్రచురిస్తున్నాం.)

జవాబు:

అమ్మా, మీరు లక్ష దగ్గర ఆగి ఈ ప్రశ్న అడిగారు, అదే మేలు. మొత్తం డబ్బు కట్టేసి, శంకుస్థాపన కూడా చేసుకుని ఇదే ప్రశ్నతో వచ్చినవాళ్లను చూశాను. వాళ్లకు నేను చేయగలిగింది చాలా తక్కువ. మీ చేతిలో ఇంకా మూడు వారాలున్నాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పేరును బట్టి కేసును పోల్చుకోలేం. ఏ కోర్టు, ఏ రకం కేసు, ఏ నంబరు, ఏ సంవత్సరం అనే నాలుగూ కలిస్తేనే అది ఫలానా కేసు అని చెప్పగలం. ఒక్కటి జారినా వేరేవాళ్ల కేసు మన చేతికొస్తుంది. ఇది నాకు నా తప్పు వల్లే తెలిసింది.

నేను ఒక లాయర్ గారి దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తల్లో ఒక రైతు దావా ఓడిపోయాడు. జిల్లా కోర్టులో అప్పీలు వేయడానికి ముప్పై రోజులే గడువు. తీర్పు, డిక్రీ నకళ్లు తెమ్మని మా సీనియర్ గారు చీటీ మీద "ఓ.ఎస్. 46, సుబ్బారావు" అని, పక్కన సంవత్సరం రాసిచ్చారు. ఓ.ఎస్. అంటే సివిల్ దావా. ఏ కోర్టో ఆయన రాయలేదు, నేనూ అడగలేదు. ఒకే ఆవరణలో రెండు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులుండేవి. నేను కాపీ అప్లికేషన్ వేసిన కోర్టులోనూ ఆ ఏడాది 46వ నంబరు దావా ఉంది. అందులోనూ వాది సుబ్బారావే. అయిదో రోజున నకళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాను. సీనియర్ గారు మొదటి పేజీ వైపు చూడనేలేదు. డిక్రీ చివరి పేజీ తిప్పి, ఆస్తి వివరాలుండే షెడ్యూలు చదివి, "మనది చెరువు కింద మాగాణి. ఇదేంటయ్యా, పెంకుటిల్లు?" అన్నారు. పరుగున వెళ్లి సరైన కోర్టులో మళ్లీ అప్లికేషన్ వేశాను. నకలు తయారవడానికి పట్టిన రోజుల్ని చట్టం గడువులో లెక్కపెట్టదు గానీ, తప్పు కేసు నకలు కోసం పోయిన రోజులు పోయినట్టే. అప్పీలు గడువుకు రెండు రోజుల ముందు దాఖలు చేయగలిగాం. ఆ వారమంతా ఆ రైతు మా ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాడు. అప్పట్నుంచి ఏ కోర్టు కాగితం చేతికొచ్చినా ముందు షెడ్యూలు చూడందే నేను పేర్లు చదవను.

నంబర్లు ఏ కోర్టుకు ఆ కోర్టులో, ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి. కాబట్టి ఒకే నంబరు, ఒకే సంవత్సరంతో ఒక్క జిల్లాలోనే ఎన్నో దావాలుంటాయి. హైకోర్టు రిట్లదీ అదే కథ. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ వేర్వేరు హైకోర్టులు వచ్చాయి. 2020లో ఫలానా నంబరు రిట్ అంటే అది అమరావతిలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి. రకం అక్షరాలు కూడా మోసం చేస్తాయి. సి.సి. అంటే మేజిస్ట్రేట్ కోర్టులో క్రిమినల్ కేసు, అదే సి.సి. హైకోర్టులో అయితే కోర్టు ధిక్కారం కేసు.

ఈ గందరగోళం లేకుండా ఈకోర్ట్స్‌లో ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అని 16 అక్షరాల నంబరు ఉంటుంది. మొదటి నాలుగు అక్షరాలు రాష్ట్రం, జిల్లా. తర్వాతి రెండు అంకెలు కోర్టు. ఆ తర్వాత ఆరంకెల వరుస సంఖ్య, చివర సంవత్సరం. ఈ నంబరు రెండు కేసులకు ఒకటే ఉండదు. మీ జాబితాలో ప్రతి కేసునూ తెరిచి, పేరు పక్కన సీఎన్ఆర్ రాసుకోండి. ఇక మీదట ఎవరితో మాట్లాడినా పేరుతో కాదు, ఈ నంబరుతో మాట్లాడండి. ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్ ఉంటే అందులో 'మై కేసెస్' కింద దాచుకోవచ్చు, వాయిదా మారితే తెలుస్తుంది.

ఇప్పుడు మీ పదకొండు సంగతి. రెండు ఎం.వి.ఓ.పి.లు, అంటే రోడ్డు ప్రమాద పరిహారం కేసులు. ఒకటి కుటుంబ కోర్టుది. మూడు సి.సి.లు, వాటిలో 'యాక్ట్' అన్న చోట సెక్షన్ 138 అని ఉంది కాబట్టి చెక్ బౌన్స్ కేసులు. ఈ ఆరూ స్థలం మీద నడిచేవి కావు. అయితే చెక్ బౌన్స్ కేసుల్లో ముద్దాయి మీ అమ్మకందారే అయితే ఆయనకు అప్పులున్నాయని అర్థం, ఆ సంగతి మనసులో పెట్టుకోండి. ఎందుకో కింద చెబుతాను.

మిగిలినవి మూడు ఓ.ఎస్.లు, ఒక ఎ.ఎస్., ఒక ఇ.పి. (డిక్రీ అమలు పిటిషన్). వీటి దగ్గర నిదానించాలి. ఎ.ఎస్. అంటే అప్పీలు. దాన్ని తెరిస్తే కింది కోర్టు వివరాలు అని ఒక భాగం ఉంటుంది. అక్కడున్న ఓ.ఎస్. నంబరు మీ జాబితాలోని రెండో ఓ.ఎస్.దే. అంటే ఇవి రెండు కేసులుగా కనిపిస్తున్నా తగాదా ఒకటే. ఓ.ఎస్.లో వెంకటేశ్వరరావు ప్రతివాది, ఎ.ఎస్.లో ఆయన పేరే ముందుంది. ఓడిపోయిన ప్రతివాది అప్పీలుకు వెళితే పేర్లు ఇలా తిరగబడతాయి. ఎవరు ఎవరి మీద కేసు వేశారో టైటిల్ చూసి తేల్చుకోకూడదు అనేది ఇందుకే. పార్టీ మధ్యలో చనిపోతే వారసుల పేర్లు చేరి టైటిల్ ఇంకా మారిపోతుంది.

ఇక మనిషి ఆయనేనా అన్నది. ఆన్‌లైన్‌లో చాలాసార్లు పేరు, లాయర్ పేరు తప్ప ఏమీ ఉండదు. కానీ దావా పత్రంలో వాది, ప్రతివాదుల తండ్రి పేరు లేదా భర్త పేరు, వయసు, వృత్తి, ఊరు రాస్తారు. అమ్మకందారు ఆధార్, ఆయన దగ్గరున్న పాత పత్రాల్లో తండ్రి పేరు ఏముందో ముందు చూసి పెట్టుకోండి. వయసు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉంటే పట్టించుకోకండి, కోర్టు కాగితాల్లో వయసు సుమారుగానే రాస్తారు. తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తే మాత్రం ఆయనే అనుకుని అడుగు వేయండి. నాది కాదంటే ఆ మాట నిరూపించుకోవాల్సింది ఆయనే.

స్థలం ఇదేనా అన్నది షెడ్యూలు చెబుతుంది. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉంటాయి. ఇక్కడ తొందరపడి "హద్దులు కలవలేదు, ఇది వేరే స్థలం" అనుకోకండి. ఉదాహరణకు పాత దావాలో "తూర్పు: సాంబయ్య గారి దొడ్డి, దక్షిణం: పంచాయతీ డొంక, పడమర: ఇదే నంబరులో మిగతా భూమి, ఉత్తరం: మురుగు కాలువ" అని ఉందనుకోండి. మీకిచ్చిన కాగితాల్లో "తూర్పు: 14వ నంబరు ప్లాటు, దక్షిణం: 30 అడుగుల రోడ్డు, పడమర: 16వ నంబరు ప్లాటు, ఉత్తరం: డ్రెయినేజీ" అని ఉందనుకోండి. చూడ్డానికి ఒక్కటీ కలవదు. కానీ దొడ్డి ప్లాటు అయింది, డొంక రోడ్డు అయింది, కాలువకు సిమెంటు పడింది. స్థలం అదే. సర్వే నంబరుదీ అంతే, 112/2 అన్నది తర్వాత 112/2ఏ, 112/2బీ అయి ఉండొచ్చు. అందుకే షెడ్యూలును కొత్త కాగితంతో కాకుండా, ఆ దావా వేసిన రోజులకు దగ్గరలో రాసిన లింకు డాక్యుమెంటుతో, అంటే ఆ స్థలం పాత పత్రంతో పోల్చాలి. అవసరమైతే ఊళ్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, పాత డొంక ఎక్కడుండేదో అడగండి. నేను ఇప్పటికీ అడుగుతాను.

మనిషి ఆయనే, స్థలం మాత్రం వేరే అని తేలినా ఊపిరి పీల్చుకోకండి. మీ జాబితాలోని ఇ.పి. డబ్బు దావాలో డిక్రీ అమలు కోసం వేసినది, ప్రామిసరీ నోటు బాపతు. అందులో వెంకటేశ్వరరావు జేడీఆర్, అంటే డిక్రీ ప్రకారం డబ్బు కట్టాల్సిన మనిషి. అప్పు ఇచ్చినాయన ఈయన పేరున ఉన్న ఏ స్థిరాస్తినైనా జప్తు చేయించుకోవచ్చు. దావా నడుస్తుండగానే, తీర్పుకు ముందే జప్తు చేయించడమూ ఉంది. జప్తు తర్వాత ఆస్తిని ప్రైవేటుగా అమ్మితే, ఆ జప్తు చేయించిన వారి బాకీ మేరకు ఆ అమ్మకం చెల్లదు. కాబట్టి ప్రతి కేసునూ రెండు ప్రశ్నలతో చూడండి: మనిషి ఆయనేనా, స్థలం ఇదేనా. రెండింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా అది మీకు సంబంధించిన కేసే. చెక్ బౌన్స్ సంగతి మనసులో పెట్టుకోమన్నది కూడా ఇందుకే. అప్పులున్న మనిషి మీద డబ్బు దావాలు పడటం మామూలే.

ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే సరిపోదా అని అడుగుతారు చాలామంది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి. కోర్టు నుంచి జప్తు ఉత్తర్వు సబ్ రిజిస్ట్రార్‌కు చేరితే అది కనిపించవచ్చు. ఊరికే నడుస్తున్న దావా మాత్రం కనిపించదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో దావా నోటీసును రిజిస్టర్ చేయించే పద్ధతి ఉంది, మన దగ్గర అది లేదు. దావా నడుస్తుండగా కొన్నవాళ్లు మాత్రం, తెలిసి కొన్నా తెలియక కొన్నా, ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే.

మీరు వెతికిన తీరు గురించి కూడా చెప్పాలి. పూర్తి పేరు ఒకే స్పెల్లింగుతో కొట్టారు. మన పేర్లను ఇంగ్లీషులో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు రాస్తారు. వెంకటేశ్వరరావులో ఒకరు ఎస్ పెడితే ఇంకొకరు ఎస్ పక్కన హెచ్ చేరుస్తారు. 'రావు' ఒకచోట విడిగా, ఒకచోట కలిపి, ఒకచోట అసలు లేకుండా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరం. కోర్టు గుమాస్తా కొట్టినదాన్నే కంప్యూటర్ చూపిస్తుంది. అందుకే పూర్తి పేరు వద్దు, ముక్క కొట్టండి. మూడు అక్షరాలున్నా అది వెతుకుతుంది. ఇంటిపేరు మాత్రమే ఒకసారి, 'వెంక' వరకే ఒకసారి కొట్టండి. జాబితా పొడుగ్గా వస్తుంది, విసుగు పుడుతుంది, అయినా చూడాలి. పెండింగ్, డిస్పోజ్డ్ రెండూ చూడండి. ఓడి ముగిసిన దావా మీదే ఇవాళో రేపో ఇ.పి. పడుతుంది. తెనాలి కోర్టు కాంప్లెక్స్ ఒక్కటే కాదు, గుంటూరులోనూ చూడండి, విలువను బట్టి దావా అక్కడ వేసి ఉండొచ్చు. బ్యాంకు బాకీల ట్రిబ్యునల్ కేసులు, ఆర్డీఓ దగ్గర నడిచే రెవెన్యూ తగాదాలు ఈ వెతుకులాటలో దొరకవు, వాటిని విడిగా కనుక్కోవాలి.

ఇప్పుడు ఆ రెండు తీర్పు కాపీలు. మీ తమ్ముడూ మధ్యవర్తీ ఇద్దరూ చెబుతున్నది ఒకే కేసు గురించే. సూరజ్ ల్యాంప్ అండ్ ఇండస్ట్రీస్ వర్సెస్ స్టేట్ ఆఫ్ హర్యానా. పేర్లు ఒకటే, కేసు నంబరు కూడా ఒకటే, 2009లో వేసిన ఎస్ఎల్‌పీ (అప్పీలుకు సుప్రీంకోర్టు అనుమతి కోరే పిటిషన్) 13917. తేడా తేదీలో ఉంది. మధ్యవర్తి పంపిన కాపీ మీద 2009 మే 15 అని ఉంది చూడండి. అది మధ్యంతర ఉత్తర్వు. జీపీఏ, అగ్రిమెంట్, వీలునామా కలిపి ఆస్తులు అమ్మే పద్ధతి వల్ల వచ్చే అనర్థాలను కోర్టు అందులో వివరించి, ప్రభుత్వాల వైఖరి అడిగింది. మీ తమ్ముడు పంపినది 2011 అక్టోబరు 11 నాటిది. అదీ తుది తీర్పు. లా రిపోర్టులో 2012 సంపుటంలో అచ్చయింది కాబట్టి కొందరు దాన్ని 2012 తీర్పు అంటారు. దాంతో మూడు కేసులున్నాయన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ఉన్నది ఒకటే.

ఆ తుది తీర్పులో కోర్టు చెప్పింది సూటిగా ఉంది. స్థిరాస్తి యాజమాన్యం రిజిస్టరైన సేల్ డీడ్ ద్వారానే మారుతుంది, ఇలాంటి జీపీఏ పద్ధతిలో మారదు. అప్పటికే అలా తీసుకున్నవాళ్లు ఆ కాగితాల్ని అమ్మకపు ఒప్పందంగా చూపించి, రిజిస్టర్డ్ సేల్ డీడ్ రాయించుకుని హక్కు పూర్తి చేసుకోవచ్చు. కొడుక్కో భార్యకో వ్యవహారాలు చూడమని ఇచ్చే నిజమైన జీపీఏలకూ, బిల్డర్లతో రాసుకునే డెవలప్‌మెంట్ ఒప్పందాలకూ ఈ మాట వర్తించదని కూడా కోర్టు చెప్పింది. మీ తమ్ముడి మాటే నిజం. మధ్యవర్తి మోసం చేశాడని నేననను, పేరు చూసి ముందు దొరికింది పంపి ఉంటాడు.

పేరూ నంబరూ ఒకటే అయినా తీర్పులు వేరవడం పెద్ద కేసుల్లోనూ ఉంది. పుట్టస్వామి కేసు అంటే కొందరికి 2017 ఆగస్టు 24న వచ్చిన గోప్యత హక్కు తీర్పు, కొందరికి 2018 సెప్టెంబరు 26న వచ్చిన ఆధార్ తీర్పు. రెండూ 494/2012 నంబరు రిట్‌లో వచ్చినవే, మొదటిది తొమ్మిది మంది జడ్జీలది, రెండోది అయిదుగురిది. ఎం.సి. మెహతా కేసులైతే ఇందుకు తలకిందులు, పేరొకటే గానీ గంగా కాలుష్యం ఒక నంబరు, తాజ్‌మహల్ ఒక నంబరు, ఢిల్లీ వాహనాల పొగ ఇంకో నంబరు. అందుకే ఎవరైనా తీర్పు పంపితే పేరు తర్వాత, ముందు తేదీ చూడండి. 2023 నుంచి సుప్రీంకోర్టు ప్రతి తీర్పుకూ సంవత్సరం, ఐఎన్ఎస్‌సీ అనే అక్షరాలు, వరుస సంఖ్యతో సొంత గుర్తు ఇస్తోంది. అది ఉంటే ఈ గొడవ సగం తప్పుతుంది.

ఈ తీర్పును మీ స్థలానికి అన్వయిస్తే అసలు విషయం బయటపడుతుంది. వెంకటేశ్వరరావు గారి దగ్గరున్నది 2008 నాటి జీపీఏ మాత్రమే అయితే, చట్టం దృష్టిలో ఆ స్థలానికి యజమాని ఆయన కాదు, ఆయనకు జీపీఏ రాసిచ్చిన మనిషి. అమ్మా, మీరు పదేళ్ల కేసులు ఓపిగ్గా వెతికారు గానీ యజమాని పేరుతో ఒక్కసారీ వెతకలేదు. మీ చుట్టం చెప్పిన కేసు వెంకటేశ్వరరావు పేరున లేకపోవచ్చు, ఆ పాత యజమాని పేరునో, వాళ్ల అన్నదమ్ముల మధ్య భాగాల దావాగానో ఉండొచ్చు. "ఒక్కటీ నాది కాదు" అన్న ఆయన మాట నిజమే అయినా స్థలం మీద కేసు ఉండే అవకాశం ఉంది. నాకైతే ఆ పదకొండు కన్నా దీని గురించే ఎక్కువ భయంగా ఉంది.

కాబట్టి ముందు ఆ జీపీఏ కాపీ తెప్పించండి. రిజిస్టరయిందా, ఎవరు రాసిచ్చారు, అమ్మే అధికారం ఇచ్చారా, ఆ మనిషి బతికే ఉన్నారా అన్నవి కావాలి. ఇచ్చినవారు చనిపోతే మామూలుగా జీపీఏ అంతటితో ముగుస్తుంది. డబ్బు ముట్టి, హక్కుతో కలిపి రాసిన అగ్రిమెంట్ కమ్ జీపీఏ అయితే లెక్క వేరు, అది చదివితేగానీ చెప్పలేం. తర్వాత పాత యజమాని పేరుతో, ఆయన తండ్రి పేరుతో పైన చెప్పినట్టే ముక్కలు ముక్కలుగా వెతకండి. ఆడవాళ్ల పేర్లుంటే పుట్టింటి ఇంటిపేరుతోనూ అత్తింటి ఇంటిపేరుతోనూ చూడండి.

అయిదు సివిల్ కేసుల నకళ్ల కోసం తెనాలిలో ఒక లాయర్‌ను పెట్టుకోండి. కేసులో మీరు పార్టీ కాదు కాబట్టి, నకలు ఎందుకు కావాలో అఫిడవిట్ వేసి అడగాలి. "ఈ ఆస్తి కొనబోతున్నాం, ఇందుకు సంబంధించిన కేసేమో తెలుసుకోవాలి" అన్న కారణం చాలు. తీర్పు ఒక్కటే కాదు, ప్లెయింట్ (దావా పత్రం) షెడ్యూలుతో సహా అడగమనండి. అప్లికేషన్‌లో కోర్టు పేరు, రకం, నంబరు, సంవత్సరం, సీఎన్ఆర్ అన్నీ మీరే రాసిచ్చి, వేసిన అప్లికేషన్ ఫొటో తీసి పంపమనండి.

నకళ్లు రావడానికి మూడు వారాలు చాలకపోవచ్చు. "నకళ్లు వచ్చి, స్థలం మీద దావా లేదని తేలాక అగ్రిమెంట్" అని గడువు పొడిగించమని అమ్మకందారుకు ఇవాళే రాసి పంపండి, ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. వాట్సాప్‌లో పంపినా పర్వాలేదు, రాతలో ఉండాలి. ఇంకో పార్టీ రెడీగా ఉందని మధ్యవర్తి తొందరపెడితే పెట్టనివ్వండి. నకళ్లు చేతికి రాగానే అయిదు షెడ్యూలు పేజీలూ, జీపీఏలోని హద్దుల పేజీ ఫొటోలు తీసి నాకు పంపండి. డొంక ఎటుందో, కాలువ ఎటుందో నేనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తాను.